పెద్దవ్వ ఊఁ కొట్టింది

పెద్దవ్వ పోయిందన్న కబురు పత్తి ఏరే రోజుల్లో ఒక పొద్దున వచ్చింది. ఫోన్ చేసింది ఆమె కోడలు. గొంతులో ఏడుపు లేదు. "అత్త పోయింది అక్కా. నీ డబ్బ తీస్కొని జల్ది రా. ఇంక ఎవ్వలు ఏడుస్తలేరు. నీ కోసమే ఆపుకొని కూసున్నం" అంది.

డబ్బా అంటే నా రికార్డరు. కరీంనగర్ నుంచి నిర్మల్ మీదుగా ఇచ్చోడ దాకా బస్సు, అక్కడినుంచి అడవి అంచు దాకా ఆటో, ఆపైన నడక. ఎంత తొందరపడ్డా నేను చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. అంతవరకూ ఒక చావింట్లో ఎవరూ ఏడవకుండా కూర్చుని ఉంటారన్న ఆలోచన బస్సులో నన్ను స్థిమితంగా ఉండనివ్వలేదు. పక్క సీటులో భైంసా వెళ్తున్న పత్తి వ్యాపారి ఎవరితోనో ఫోన్లో పోట్లాడుతూనే ఉన్నాడు. మామూలుగా అయితే విసుక్కునేదాన్ని. ఆ రోజు అతని అరుపులు ఆగిపోతే బాగుండదనిపించింది.

పెద్దవ్వ నాకు చుట్టం కాదు. నేను మరమగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని. మాట్లాడేవాళ్ళు తగ్గిపోతున్న భాషలను విని, రికార్డు చేసి, రాసి దాచడం నా ఉద్యోగం. ఆ పని మీద ఆ గూడేనికి వెళ్ళిన నాకు ఆమె తన భాష నేర్పింది. అన్నం కూడా చాలాసార్లు పెట్టింది. ఆమె పేరు, గూడెం పేరు, ఆ భాష పేరు ఇక్కడ రాయడం లేదు. పాఠకులు మన్నించాలి. ఆ భాష మాట్లాడే ఇళ్ళు ఇప్పుడు కొన్నే మిగిలాయి. భాష పేరు చెబితే వేలు పెట్టి ఇల్లు చూపించినట్టే అవుతుంది.

మా పనిలో మొట్టమొదట నేర్పేది నోరు మూసుకోవడం. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మన గొంతు రికార్డులో పడకూడదు. తల ఊపాలి, కళ్ళతో నవ్వాలి, అంతే. మొదటిరోజు నేను అలాగే బుద్ధిగా కూర్చున్నాను. పెద్దవ్వ నక్కా ఎండ్రకాయా కథ మొదలుపెట్టింది. ఒక మాట చెప్పి ఆగింది. నేను తల ఊపాను. ఇంకో మాట చెప్పి ఆగింది. మళ్ళీ ఊపాను. అప్పుడు తెలుగులోకి దిగింది.

"ఏం బిడ్డా, నోరు లేదా నీకు?"

నేను రికార్డరు చూపించి, నా గొంతు అందులో పడకూడదని చెప్పాను.

"పడితె ఏమైతది? ఊఁ అను. నువ్వు ఊఁ అనకుంటె నేను ఎవలకు చెప్పాలె, గోడకా?"

మళ్ళీ నచ్చజెప్పబోయాను. ఆమె గదిమూల ఉన్న జొన్నల గుమ్మి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "మనం ఊఁ అనకుంటె, అనెటోళ్ళు వేరే ఉన్నరు బిడ్డా. వాళ్ళు మొదలువెట్టిన్రంటె మల్ల ఆపరు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. కరీంనగర్ వచ్చాక చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని ఆ రికార్డు విన్నాను. ఆమె రెండోసారి ఆగినచోట, దూరంగా, చిన్న శబ్దం ఒకటి ఉంది. గుమ్మి వెనక పొదుగుతున్న కోడి అయివుంటుంది. కోడే అని ఆ రోజు గట్టిగా అనుకున్నాను. తరువాతి సారి నుంచి మాత్రం మాటమాటకూ ఊఁ కొట్టడం మొదలుపెట్టాను. మా సారు, అంటే ఈ పని మొత్తం చూసే పెద్దాయన, అవి విని తల పట్టుకున్నారు. "నీ ఊఁలు ఎవరడిగారమ్మా? ఆవిడ మాటల కన్నా నీ ఊఁలే ఎక్కువున్నాయి" అన్నారు. నిజమే. ఆ గూడెంలో కథ అంటే ఇద్దరు చేసే పని. ఒకరు మాట వేస్తారు, ఒకరు పట్టుకుంటారు. మా చదువులో ఆ రెండోమనిషిని మేమే తీసేశాం.

పెద్దవ్వకు ఇంకో అలవాటు ఉండేది. రికార్డరు మీద ఎర్రదీపం వెలిగితే "లేచిందా గిది?" అని అడిగేది. అయిపోయాక మొత్తం మళ్ళీ వినిపించమనేది. వింటూ జొన్నలు చెరిగినట్టు ఏరేది. "గిది ఉంచు. గిది పారెయ్. గిది నా మరిదిని తిట్టిన, అయినా ఉంచు, వాడు వింటె మంచిదే." ఒక్కోసారి నాకు అన్నిటికన్నా నచ్చిన ముక్కనే పారేయమనేది. నా ప్రాణం ఉసూరుమనేది. బతిమాలితే, "బిందెడు నీళ్ళు ఇస్తె బాయి ఇచ్చినట్టా?" అనేది. నేను చెరిపేస్తుంటే పక్కనే కూర్చుని చూసేది. చెరిపానని మాట మీద చెబితే నమ్మేది కాదు.

ఆమె ఎన్ని ఇచ్చినా ఒకటి మాత్రం ఇవ్వలేదు. ఆ గూడెంవాళ్ళు చావింట్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు ఏడవరు. ఒకరు మొదలుపెట్టాలి. పోయినమనిషిని పేరు పెట్టి పిలుస్తూ ఒక పాట ఉంటుంది. అది మొదలయ్యాకే మిగతావాళ్ళకు ఏడుపు. ఆ గూడెంలో అది వచ్చింది పెద్దవ్వ ఒక్కతికే. ఏ ఇంట్లో చావైనా ఆమె వెళ్ళి కూర్చునేది. ఆ పాట కావాలని సారు మరీ మరీ చెప్పడంతో ఒకసారి అడిగాను.

"వద్దు బిడ్డా. చావు లేకుంట గా పాట పాడితె, ఎవలింటికి రావాల్నో తెల్వక చావు తిరుగుతది" అంది. ఆ తరువాత నేను ఆ ఊసు ఎత్తలేదు.

కిందటి వానకాలం చివర్లో ఆమే కోడలి ఫోన్ నుంచి మాట్లాడింది. "గా పాట ఇస్త. రా."

వెళ్ళేసరికి ఇంట్లో ఎవరూ లేరు. అందర్నీ చేన్లకు తోలేసింది. తలకు పోసుకుని, కొప్పు ముడిచి, గోడకు ఆనుకోకుండా చాప మీద కూర్చుని ఉంది. మిట్టమధ్యాహ్నం. ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. ఎవరైనా పోయారా అని భయంగా అడిగాను.

"ఎవలు పోలే. నా కోసమే. నేను పోతె పాడెటోళ్ళు ఎవలున్నరు? మరిదికి అడిగితె రాదంటడు. కోడలుకు అసలే రాదు. అందుకే నాది నేనే పాడుకుంట."

 తరువాత తాపీగా షరతులు చెప్పింది. "నన్ను మట్టిల పెట్టకముందు ఒక్కసారి ఇనిపియ్యాలె. ఇనిపిచ్చినంక అది ఉండొద్దు. నీ తాన ఉండొద్దు, మీ సారు తాన ఉండొద్దు, ఎక్కడ ఉండొద్దు. ఉంటె నేను పోలేను. ఎవలు దాన్ని ఒత్తితె వాళ్ళింటికి నేను రావాల్సొస్తది. కరీంనగర్ల మీ సారు ఒత్తిండనుకో, ఆడిదాక రావాలె. నాకు బస్సు గూడ తెల్వదు."

నవ్వింది. నేనూ నవ్వాను. తరువాత నా చెయ్యి పట్టుకుని మాట తీసుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"ఇయ్యాల నువ్వు ఊఁ అనొద్దు. ఇయ్యాల ఊఁ అనేది నేను" అంది. "లేచిందా గిది?"

లేచింది. పెద్దవ్వ తన పేరు తానే పిలిచింది. చేను అవతలి గట్టున ఉన్న మనిషిని పిలిచినట్టు, దీర్ఘం తీసి పిలిచింది. ఒక చరణం పాడి ఆగింది. నేను మర్చిపోయిందేమో అనుకున్నాను. మర్చిపోలేదు. తల ఒక పక్కకు వంచి వింటోంది. ఎవరో ఎదురుగా కూర్చుని సావధానంగా చెబుతున్నట్టు వింది. విని, "ఊఁ" అంది.

మళ్ళీ చరణం. మళ్ళీ ఆగడం. మళ్ళీ ఊఁ. ఒకచోట ఆ ఖాళీలో ఫక్కున నవ్వింది. ఇంకొకచోట మొహం చిట్లించి, చాలు చాలు అన్నట్టు "ఊఁ, ఊఁ" అని గబగబా అంది. ఆ గదిలో మా ఇద్దరమే ఉన్నాం. ఎండ తెల్లగా ఉంది. ఆమె మాత్రం ఆగినప్పుడల్లా ఒక్కో మూలకు చూస్తోంది. చివరి చరణం అయ్యాక ఆమె మూలలకు చూడడం మానేసి నా వైపు తిరిగింది. నా కళ్ళలోకి చూస్తూ ఆగింది. నేను పెదవి కదపలేదు. కాసేపటికి తృప్తిగా "ఊఁ" అంది. తరువాత జొన్నరొట్టె తిని వెళ్ళమంది.

కరీంనగర్ వచ్చాక అలవాటు ప్రకారం ఇంకో ప్రతి తయారుచేశాను. మా దగ్గర దాన్ని శుభ్రం చేయడం అంటారు. గాలి హోరు, కుక్కల మొరుగుళ్ళు, మాటల మధ్య పొడుగాటి నిశ్శబ్దాలు తీసేస్తాం. నిశ్శబ్దం మాకు పనికొచ్చే సరుకు కాదు. శుభ్రం చేశాక పాట సగానికి సగం తగ్గింది, గొంతు అద్దంలా తేలింది. ఆ ప్రతిని ఫోన్లో వేసుకున్నాను. అసలుది రికార్డరులోనే ఉంచాను. ఆఫీసు కంప్యూటరులోకి రెండూ ఎక్కించలేదు.

సారుకు సంగతి చెప్పక తప్పలేదు. ఆయన చెడ్డమనిషి కాదు. ఒక భాషలో చివరి మనిషి పోయిందని వింటే రెండురోజులు అన్నం సహించదు ఆయనకు. "రేపు ఆ పిల్లల పిల్లలు వచ్చి, మా ముత్తవ్వ పాట ఏదమ్మా అని అడిగితే ఏం చూపిస్తావు? ఖాళీ చేతులా?" అన్నారు.  మాట ఇచ్చానని అన్నాను. "ఆవిడ పోయాక ఆ మాట ఎవరికిచ్చినట్టు?" అన్నారు. ఆ ప్రశ్న చాలా రోజులు నన్ను వదల్లేదు. బస్సులో కూడా అదే నడుస్తోంది తలలో. ఆ పాట చెరిపేస్తే ఆ భాషలో చావుపాట అన్నది ఇక లేనట్టే. ఉంచితే, పెద్దవ్వ మాట ప్రకారం, పెద్దవ్వ పోనట్టే.

గూడెం చేరేసరికి ఆమెను ఇంటిముందు పందిరి కింద పడుకోబెట్టారు. చుట్టూ జనం. ఏరి తెచ్చిన పత్తి మూటలు విప్పకుండా అలాగే ఉన్నాయి. ఎవరూ ఏడవడం లేదు. ఎవరూ మాట్లాడుకోవడం కూడా లేదు. చంటిపిల్లలు సైతం తల్లుల ఒళ్ళో కళ్ళు విప్పుకుని కిక్కురుమనకుండా ఉన్నారు. అంతమంది ఒకేసారి నా వైపు చూశారు. పెద్దవ్వ మరిది, ముసలాయన, కర్ర ఊతంతో లేచి "తెచ్చినవా బిడ్డా?" అన్నాడు.

తెచ్చానని చెప్పి, తేటగా వినిపిస్తుందని ఫోన్లో ఉన్న ప్రతిని స్పీకరుకు కలిపి ఆమె తల పక్కన పెట్టాను. పెద్దవ్వ గొంతు లేచింది. కళ్ళు మూసుకుని పడుకున్న మనిషి పక్కన అదే మనిషి గొంతు ఆమె పేరు పెట్టి ఆమెనే పిలిచింది. ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒక చరణం, వెంటనే ఊఁ, వెంటనే ఇంకో చరణం. తరుముకొస్తున్నట్టు పాడుకుపోతోంది. ఒక్కరి పెదవీ కదల్లేదు. ఎదురుచూసిన ఏడుపు రాలేదు. జనం మొహాల్లో దుఃఖం బదులు బెదురు కనిపించింది.

"ఆపు అక్కా" అంది కోడలు. స్పీకరుకు చెయ్యి అడ్డం పెట్టింది. "గీమె మా అత్త కాదు. మా అత్త గింత తొందర పడదు. మమ్ముల ఒక్క మాట మాట్లాడనిస్తలేదు."

ఆపేశాను. అప్పుడు గాని నాకు తెలియలేదు, మేము శుభ్రం చేసి పారేసింది ఏమిటో. రికార్డరు తీశాను. కానీ పెద్దవ్వ ఒక్కసారే వినిపించమంది కదా, ఆ ఒక్కసారీ అయిపోయిందే అని నా చెయ్యి ఆడలేదు. మరిదికి ఆ మాట చెప్పాను.

"గింతసేపు పాడింది మా వదినె కాదు గద" అన్నాడాయన. "లెక్కల రాదు. పెట్టు."

పెట్టాను. గాలి హోరు, ఎక్కడో కుక్క, ఆ వెనక పెద్దవ్వ పిలుపు. చరణం అయింది. ఖాళీ వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. పందిరి మీద ఎండుటాకులు కదిలాయి. ఏ మాటా వినకుండానే డబ్బాలోంచి "ఊఁ" అని వినిపించింది. నా పక్కనున్న ఒకావిడ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

రెండో చరణం. ఖాళీ. ఈసారి మరిది గొంతు సవరించుకున్నాడు. నేను వెళ్ళిన ప్రతిసారీ "నాకు రాదు బిడ్డా, ఎన్నడో మరిచిన" అన్న మనిషి. ఆ భాషలో మొదలుపెట్టి, ఎక్కడా తడుముకోకుండా ఆమెతో ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో నాకు అర్థమైంది. అది ఇక్కడ రాయను. ఆయన నోరు మూయగానే "ఊఁ" అంది పెద్దవ్వ. ఆయన మాట మీద పడలేదు, ఆలస్యమూ చేయలేదు.

అప్పుడు ఒక్కొక్కరే అందుకున్నారు. ఈ భాష తమకు రాదని నాకు చెప్పినవాళ్ళంతా నోళ్ళు విప్పారు. కొందరు సగం తెలుగులో, కొందరు మరాఠీ కలిపి. ఎదురింటి ముసలామె ఒకతె ఏదో పాత ముచ్చట చెప్పింది. సరిగ్గా అక్కడ డబ్బాలోంచి పెద్దవ్వ ఫక్కున నవ్వింది. కోడలు తనను తాను తిట్టుకుంటూ, మందులు సరిగ్గా ఇయ్యలేదని, కోపం చేసుకున్నానని ఏకరువు పెడుతుంటే, "ఊఁ, ఊఁ" అని చాలు చాలు అన్నట్టు వచ్చింది. దాంతో కోడలు భోరుమంది. ఇల్లంతా ఒక్కసారిగా ఏడ్చింది. పొద్దుటినుంచి బిగపట్టిన ఏడుపు. నేనూ ఏడ్చాను. దాచుకోలేదు.

చివరి చరణం అయింది. చివరి ఖాళీ వచ్చింది. అందరూ చెప్పుకోవడం అయిపోయినట్టుంది, ఎవరూ మాట్లాడలేదు. ఆ రోజు ఎండలో నా కళ్ళలోకి చూసిన చూపు గుర్తొచ్చింది. ఇన్నేళ్ళూ ఆ భాషలో నేను ఆమెను ప్రశ్నలే అడిగాను. దీన్నేమంటారు, ఇద్దరైతే ఎలా అంటారు, నిన్నైతే ఎలా అంటారు. ఒక్కసారి కూడా ఆ భాషలో ఆమెకు నా సంగతి ఒకటి చెప్పలేదు. ఎలా కూడదీసుకున్నానో, చిన్న మాట ఒకటి చెప్పాను. తప్పులున్నాయేమో తెలియదు.

"ఊఁ" అంది పెద్దవ్వ.

నేను ఏమీ అనకపోయినా అది వచ్చేదే. ఆ సంగతి నాకన్నా బాగా ఎవరికీ తెలియదు. అయినా ఆ ఊఁ నాకే అన్నదని నమ్ముతున్నాను. ఇలాంటి నమ్మకాలు మా పనిలో పనికిరావు. పోనీ.

మట్టి ఇచ్చి వచ్చాక అందరి ముందూ రికార్డరు తీశాను. మరిది "కానియ్యి" అన్నాడు. కోడలు అడ్డం వచ్చింది. "జర ఆగు అక్కా. ఉండనీ. నా పిల్లలు గీ భాష మాట్లాడుతలేరు. రేపు ఎట్ల ఇంటరు? మా అత్త గొంతు ఒక్కటన్న ఉండనీ." అదే, సారు అన్నమాటే. కాని ఈసారి అడిగింది ఆ ఇంటిమనిషి. పెద్దవ్వ ఉంచమని ఏరిన కథలన్నీ ఉన్నాయని, వాటిని ఆమె ఫోన్లో వేసి ఇస్తానని చెప్పాను. నక్కా ఎండ్రకాయా కథ ఉందన్నాను. ఈ పాట విషయంలో మాత్రం ఆమె నాతో చెప్పిన షరతు, బస్సు తెలియదన్న మాటతో సహా, మొత్తం చెప్పాను.

కోడలు డబ్బా వైపు చూసింది. ఏడుపులోనే నవ్వు వచ్చింది ఆమెకు. "అవును, ఆమెకు ఇచ్చోడ పోవుడే పరేషాన్" అంది. తరువాత చెయ్యి చాపింది. "నువ్వు ఒత్తకు. నేను ఒత్తుత. ఏది ఒత్తాలె?"

చూపించాను. ఒత్తింది. ఫోన్లో ఉన్న ప్రతిని కూడా ఆమె చేతే చెరిపించాను. మరిది ముందుకు వంగి, ఎర్రదీపం ఉండే చోట వేలితో తట్టి చూశాడు. "పోయినట్టే" అన్నాడు, ఎవరి గురించి అన్నాడో తెలియదు.

ఆ సాయంత్రం ఇచ్చోడ నుంచి సారుకు ఫోన్ చేసి చెప్పాను.    "మిగతా కథలైనా జాగ్రత్తగా ఉంచు. నీ ఊఁలతో సహా" అన్నారు. నేను చేసింది సరైనదేనా అంటే ఈ రోజుకూ ఖాయంగా చెప్పలేను.  పెద్దవ్వకు ఇచ్చిన మాట నిలిచింది, అంతవరకు తెలుసు. ఎదుటిమనిషి మాట్లాడుతుంటే నోరు తెరిచి ఊఁ అనడం నేర్పినందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.

మా ఇంట్లో మగ్గాలు ఇంకా నడుస్తున్నాయి. పొద్దంతా ఆ మోతలోనే మేం తింటాం, అరుచుకుంటాం, నిద్రపోతాం. కరెంటు పోయిందంటే అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి, వీధి వీధంతా. చెవుల్లో గుయ్యిమంటుంది. మా అవ్వ చేతిలో దారం అలాగే పట్టుకుని పైకి చూస్తుంది. అలాంటప్పుడు నేను ఆ రోజు పందిరి కింద చెప్పిన మాటే మెల్లగా, ఆ భాషలో, ఇంకోసారి అంటాను. అని, తల ఒక పక్కకు వంచి వింటాను. రాకూడదనే పెద్దవ్వ కోరింది. వస్తే బాగుండునని నేను చూస్తాను. ఇంతవరకు ఊఁ రాలేదు.